కూత ఆగిన టోపీ

ఈ కుడిచెయ్యి నాది కాదు, మా మరిదిది అని నలుగురిలో అంటే మా ఆయన ముఖం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ. ఉన్నమాట అనడానికి నాకేం భయం? అన్నం తినేది ఈ చేత్తో, జడ వేసుకునేది ఈ చేత్తో, కోపం వస్తే గరిటె విసిరేదీ ఈ చేత్తోనే. వేళ్ళన్నిటితో సహా ఇది ఇవాళ్టికీ నా ఒంటికి అతుక్కుని ఉందంటే ఆ పిల్లాడి చలవే. ఆ పిల్లాడికి ఇప్పుడు చెవుల పక్కన జుట్టు నెరిసింది, అది వేరే సంగతి.

వీధిలో అందరూ అతన్ని స్క్రూ అంటారు. ఎప్పుడు చూసినా చొక్కా జేబులో పెన్నుకు బదులు స్క్రూడ్రైవరు ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పుట్టింటి నుంచి తెచ్చుకున్న మిక్సీని విప్పి వంటింటి నేల మీద పరిచేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"బాగా తిరుగుతున్నదాన్ని ఎందుకయ్యా విప్పావు?"

"ఎందుకు బాగా తిరుగుతోందో చూద్దామని, వదినా."

అంత అమాయకంగా చెప్పేవాణ్ణి ఏమని తిడతాం? అయినా తిట్టాను. మళ్ళీ బిగించాక గుప్పెట్లో రెండు మరలు మిగిలాయి. "ఇవి లేకపోయినా ఏం కాదులే" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మిక్సీ ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ రోజు నుంచి తిట్టడం నా వంతు, నవ్వడం అతని వంతు. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. రోజంతా పిల్లల గోల విని వస్తాడు కాబట్టి, మా గోల ఆయన చెవిన పడదు.

రేడియోలు, టీవీలు బాగుచేసుకుంటూ తిరిగే మా మరిదికి ఊరి చివర గోల్ఫు మైదానంలో ఉద్యోగం దొరికింది. ఆడే పెద్దమనుషుల్ని మోసుకెళ్ళే బ్యాటరీ బండ్లు ఉంటాయి కదా, వాటి మరమ్మతు. అతని షెడ్డుకు ఎదురుగానే కొత్తవాళ్ళు ఆట నేర్చుకునే చోటు. బండి కింద పడుకుని పని చేస్తూనే ఆ తమాషా అంతా చూసేవాడు. ఇంటికొచ్చి మాకు చూపించేవాడు, చీపురు కర్ర పట్టుకుని.

"బంతిని కొట్టేదాకా చూపు బంతి మీదే ఉండాలి వదినా. కానీ వీళ్ళకి ఆత్రం. కర్ర తగిలీ తగలకముందే ఎటు పోయిందోనని తలెత్తి చూస్తారు. తల లేస్తే భుజం లేస్తుంది. భుజం లేస్తే కర్ర లేస్తుంది. అంతే, బంతి పోయి నీళ్ళగుంటలో పడుతుంది."

"ఇంత ఖర్చు పెట్టుకుని నీళ్ళలో బంతులు వేసుకోవడమెందుకు, మన పంపు దగ్గరకొచ్చి వేసుకోమను" అన్నాను.

వాళ్ళలో ఒక పళ్ళ డాక్టరు గారు ఉండేవారు. మంచి మనిషి, నోటినిండా నవ్వు. ఆయన తల మాత్రం ఎవరు చెప్పినా వినదు. నేర్పించే మాస్టారు కర్ర చివర ఆయన నుదుటికి ఆనించి పట్టుకునేవాడట, లేవకుండా. "నా పేషెంట్ల తలలు కదలకుండా నేను పట్టుకుంటా. నా తల పట్టుకునే నాథుడే లేడయ్యా" అని ఒకరోజు బండి ఎక్కుతూ వాపోయారు. ఆ మాట మా మరిది బుర్రలో పురుగులా దూరింది.

ఇక ఇంట్లో మాకు మనశ్శాంతి లేదు. ముందుగది బల్ల మీద తీగలు, చిన్న చిన్న పలకలు, టంకం పొగ. చివరికి ఒక టోపీ తయారైంది. పైకి మామూలు ఎండ టోపీయే. అంచులో అగ్గిపెట్టె కన్నా చిన్న డబ్బా ఒకటి కుట్టాడు. వంచిన తల వేళ కాకముందే లేస్తే "కీ" మని కూస్తుంది. పరీక్షించడానికి ఎవరు దొరికారు? నేనే. కూరగాయలు తరుగుతుంటే తెచ్చి నా నెత్తిన పెట్టాడు. పొయ్యి వైపు చూస్తే కూత. తలుపు చప్పుడైతే కూత. పాలు పొంగుతున్నాయేమోనని తలెత్తానా, చెవి పక్కన కూత. తల దించుకుని కూర్చుంటే పాలు నిజంగానే పొంగిపోయాయి. టోపీ తీసి అతని మీదకి విసిరాను. అతను దాన్ని గాల్లోనే పట్టుకుని, "పనిచేస్తోంది" అని పొంగిపోయాడు.

డాక్టరు గారికి ఆ టోపీ తెగ నచ్చింది. ఆయన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. చీపురు కర్ర తప్ప ఏ కర్రా పట్టని మనిషి చేసిన టోపీలు పెట్టుకుని పెద్దపెద్దవాళ్ళు తలలు దించుకుని నిలబడ్డారు. నాకు లోపల గర్వంగానే ఉండేది. పైకి చెబితే నెత్తినెక్కుతాడని చెప్పలేదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను తలుపులకు బిగించే మడతబందులు చేసే కార్ఖానాలో ప్రెస్సు మిషను మీద పని చేస్తాను. కింద ఇనుప అచ్చు ఉంటుంది. దాని మీద రేకు పెట్టాలి. పై నుంచి దిమ్మ దిగి ఒక్క గుద్దు గుద్దితే బందు రెక్క తయారు. దిమ్మ దించడానికి రెండు మీటలు, చేతికొకటి. రెండు చేతులూ మీటల మీద ఉంటే అచ్చులో చెయ్యి ఉండదని వాటి ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. కానీ రేకు పెట్టు, రెండు చేతులూ వెనక్కి తియ్యి, నొక్కు, మళ్ళీ రేకు పెట్టు అంటే పని సాగదు. అందుకని కుడి మీటలో అట్టముక్క మడిచి ఇరికించి, అది ఎప్పుడూ నొక్కే ఉండేలా చేసేవాళ్ళం. ఎడమ చేత్తో మీట నొక్కడం, కుడి చేత్తో రేకు పెట్టడం. షెడ్డులో ప్రతి మిషనుకూ ఒక అట్టముక్క ఉండేది. సూపర్‌వైజరు అటు వచ్చినప్పుడల్లా కప్పు వంక చూస్తూ నడిచేవాడు.

నా పక్క మిషను అక్క రెండు వేళ్ళు పోగొట్టుకుంది. కేక కూడా పెట్టలేదు. చెయ్యి పట్టుకుని నా వైపు చూసింది, అంతే. ఆ చూపు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కలపబోతే నా వేళ్ళు నాకే కొత్తగా కనిపించాయి. ముద్ద నోటి దాకా పోలేదు.

"పని మానెయ్" అన్నాడు మా ఆయన.

"మానేస్తే ఇల్లెలా గడుస్తుంది?" అన్నాను.

మా మరిది మర్నాడు సెలవు పెట్టి నాతో పాటు కార్ఖానాకు వచ్చి, సూపర్‌వైజరును బతిమాలి, నా మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క వేళ్ళు పోయినప్పటి నుంచి సూపర్‌వైజరు కూడా బెదిరిపోయి ఉన్నాడు కాబట్టి అడ్డు చెప్పలేదు.

అక్కడ నిలబడి చూస్తుంటే అతనికి వచ్చిన ఆలోచనకు మూలం టోపీయే. తల కదిలితే కూసినట్టు, చెయ్యి అచ్చులోకి పోతే కూసే పట్టీ ఒకటి చేసి నా మణికట్టుకు కట్టాడు. కూత ఎవరికి వినపడుతుంది? ఆ షెడ్డులో చెవులు దిబ్బెళ్ళు పడతాయి, పైగా అందరం చెవుల్లో దూది పెట్టుకుంటాం. అప్పుడు దాన్ని మార్చాడు. చెయ్యి అచ్చు దగ్గరికి పోగానే పట్టీ మిషనుకు సంకేతం పంపుతుంది, 'ఆగు' అని. మీట నొక్కినా దిమ్మ దిగదు. చెయ్యి బయటికి వచ్చాక సంకేతం ఆగుతుంది, దిమ్మ దిగుతుంది.

ఎంత హాయి అనుకున్నారు! నా గుండెల మీద నుంచి బండ దించినట్టయింది. ఇదివరకు ప్రతి గుద్దుకూ చెయ్యి చటుక్కున లాక్కునేదాన్ని. పట్టీ వచ్చాక ఆ బెదురు పోయింది. పక్కవాళ్ళతో సైగలతోనే కబుర్లు చెబుతూ పని చేశాను. అట్టముక్క దొంగతనంగా పెట్టే అవసరం కూడా లేకపోయింది, దర్జాగా పెట్టాను. పని పెరిగిందని సూపర్‌వైజరు మురిసిపోయాడు. "మీ మరిది బంగారమమ్మా. అన్ని మిషన్లకీ పెట్టిద్దాం" అన్నాడు. నేను ఇంటికి వెళ్ళి ఆ మాట చెబితే స్క్రూ సిగ్గుపడి గోడ వైపు తిరిగాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం డాక్టరు గారు అతని షెడ్డుకు వచ్చారు. ఆ మాటలన్నీ తర్వాత ఆయనే మా ఇంటికొచ్చి చెప్పారు.

"ఏమయ్యా, నా తల దారికొచ్చింది! ఈ మధ్య నీ టోపీ ఒక్కసారి కూడా కూయలేదు, తెలుసా?"

"బాగుంది సార్. మరి ఆట?"

"అదే అర్థం కావట్లేదు. బంతులు మాత్రం నీళ్ళలోకే పోతున్నాయి. కర్రలో లోపం ఉందేమోనని కొత్తది కొన్నాను. ఇదీ అంతే."

మా మరిది టోపీ తీసుకుని, తలకిందులు చేసి, ఊపి చూశాడు. కూత లేదు. అంచు విప్పాడు. బ్యాటరీ చచ్చి ఎన్నాళ్ళయిందో! చచ్చిపోయిన టోపీని నెత్తిన పెట్టుకుని, అది నోరు మూసుకుందంటే తనే బాగా ఆడుతున్నానని ఆయన మురిసిపోతున్నారు. నేర్పించే మాస్టారు గడ్డి మీద కూలబడి నవ్వాడట. డాక్టరు గారు అందరికన్నా గట్టిగా నవ్వారు. మా మరిదీ కడుపుబ్బ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"ఏమైందయ్యా?"

"మా వదిన చేతికీ ఇదే బ్యాటరీ సార్. ఇదే పద్ధతి."

టోపీ నోరు మూసుకుంటే తల కదల్లేదని అర్థం. పట్టీ నోరు మూసుకుంటే చెయ్యి లోపల లేదని అర్థం. అలా అనుకునే రెండూ చేశాడు. చచ్చినది కూడా నోరు మూసుకునే ఉంటుందన్న సంగతి ఆ బుర్రకు తట్టలేదు. మీకైనా నాకైనా తట్టేదా?

డాక్టరు గారు అతన్ని తన కారులో ఎక్కించుకుని కార్ఖానాకు తెచ్చారు. దారిలో ఫోను మీద ఫోను. షెడ్డులోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు, నా ఫోను గేటు దగ్గర అరలో మోగుతూనే ఉంది. గేటు దగ్గర కాపలా మనిషి అడ్డుపడితే మా మరిది అతని చంక కింద నుంచి దూరి పరుగెత్తాడు. నా మిషను దాకా కూడా రాలేదు. తలుపు పక్కనే ఉన్న పెద్ద స్విచ్చు రెండు చేతులతో కిందికి లాగేశాడు.

షెడ్డంతా ఆరిపోయింది. గుద్దులన్నీ ఒక్కసారి ఆగేసరికి ఆ నిశ్శబ్దానికే భయమేసింది. నేను రేకు సర్దుతూ ఉన్నాను. చెయ్యి అచ్చు మీదే ఉంది. తిరిగి చూస్తే తలుపు దగ్గర మా మరిది, రొప్పుతూ, చేతిలో గోల్ఫు టోపీ.

"బుద్ధుందా నీకు?" ఒంటికాలి మీద లేచాను. "ఇది ఇల్లనుకున్నావా? నలుగురిలో నా పరువు తీస్తావా?"

సూపర్‌వైజరు కూడా అరుస్తూ వచ్చాడు. మా మరిది నా చేతి నుంచి పట్టీ విప్పి, ఆ టోపీలో నూనె గుడ్డలు కుక్కి, పట్టీని దానికి చుట్టి, తీసుకెళ్ళి నా అచ్చు మీద పెట్టాడు. వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరు గారితో, "స్విచ్చు వెయ్యండి సార్" అన్నాడు. అందర్నీ వెనక్కి జరగమని, ఎడమ చేత్తో మీట నొక్కాడు.

పట్టీ బతికి ఉంటే దిమ్మ దిగకూడదు.

దిగింది. ఒక్క గుద్దుకు టోపీ కాగితమైంది.

నేను అక్కడే రేకుల పెట్టె మీద కూలబడ్డాను. ఎప్పటి నుంచి అది చచ్చి ఉంది? నిన్నటి నుంచా? మొన్న పక్కకు తిరిగి కబుర్లు చెబుతున్నప్పుడా? ఎన్నిసార్లు ఆ దిమ్మ కింద నుంచి నా చెయ్యి ఊరికే అదృష్టం కొద్దీ బయటికి వచ్చింది? మా మరిది నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తప్పు నాది వదినా. భయం తీసేశాను గానీ ప్రమాదం తీయలేదు."

అతని కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తిట్టడానికి మాత్రం ఒక్క మాట రాలేదు.

తర్వాత చేసిన పట్టీ వేరు. 'నేను బతికే ఉన్నాను, బయటే ఉన్నాను' అని అది మిషనుకు ఎడతెగకుండా చెబుతూ ఉండాలి. ఆ మాట వినపడినంతసేపే దిమ్మ కదులుతుంది. చెయ్యి లోపలికి పోయినా, బ్యాటరీ చచ్చినా, తీగ తెగినా, పట్టీ ఇంట్లో మర్చిపోయి వచ్చినా మాట ఆగుతుంది. మాట ఆగిందా, దిమ్మా ఆగుతుంది. టోపీలకు కూడా బుద్ధి చెప్పాడు. నెత్తిన పెట్టుకోగానే ముందు ఒక చిన్న కూత కూసి, బతికి ఉన్నానని చెప్పాకే ఆట.

ఆ చదునైన టోపీని కార్ఖానా యజమాని తన బల్ల మీద పెట్టుకున్నాడు. అట్టముక్కలన్నీ ఏరించి పారేయించి, అందరికీ కొత్త పట్టీలు కట్టించాడు. కట్టించిన నాటి నుంచి అందరి ప్రాణాలూ తీశాయి ఆ పట్టీలు! బ్యాటరీ కొంచెం నీరసించినా మిషను మొరాయించేది. చెమటకు తడిసినా మొరాయించేది. పని తగ్గిందని సూపర్‌వైజరు నన్ను గుర్రుగా చూసేవాడు, నేనే పట్టీ కనిపెట్టినట్టు. "మీ మరిది పుణ్యమా అని కూర్చోండి తల్లీ" అని పక్కవాళ్ళు దెప్పేవాళ్ళు. ఆ మంటంతా నేను ఇంటికి మోసుకొచ్చేదాన్ని. గుమ్మంలో చెప్పులు విడవకముందే, "నీ దిక్కుమాలిన పట్టీ ఇవాళ కూడా ఆపింది" అని మొదలుపెడితే, అన్నం పెట్టేదాకా సాగేది. అతను వింటూ నవ్వేవాడు. మర్నాటికి ఏదో ఒకటి సరిచేసేవాడు.

అలా ఒకరోజు రేకు వంకరగా ఇరుక్కుంది. కుడి చేత్తో సర్దుతున్నాను. వేళ్ళు పోయిన అక్క ఇప్పుడు రేకులు లెక్కచూసే పనిలో ఉంది. వెనక నుంచి భుజం తట్టి, వాళ్ళమ్మాయి పరీక్ష పాసైందని సైగలతో చెబుతోంది. నేను అటు తిరిగి నవ్వుతున్నాను. కుడి మీటలో అట్ట లేకపోయినా, పాత అలవాటు ఒంట్లోంచి పోతుందా? ఎడమ చెయ్యి దానంతట అదే మీట నొక్కింది. కుడి మోచెయ్యి రెండో మీట మీద ఆనుకునే ఉంది. దిమ్మ దిగలేదు. "మళ్ళీ మొదలు" అని విసుక్కుని మళ్ళీ నొక్కాను. దిగలేదు. కోపంతో ఇంకోసారి గుద్దాను. అప్పుడు తిరిగి చూశాను.

పట్టీ మాట ఆగితే వెలిగే ఎర్ర దీపం మిషను నెత్తిన వెలుగుతోంది. అచ్చులో నా చెయ్యి ఉంది. వేళ్ళన్నీ.

నా చేతిని నేనే నలగ్గొట్టబోయాను, ఒకసారి కాదు. తిట్టుకుంటూ మరీ. పట్టీ విప్పి చూస్తే బ్యాటరీ కూడా చచ్చిపోయి ఉంది. పాతదైతే ఆ చచ్చిన బ్యాటరీతోనే నా చెయ్యి పోయేది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విడిచాను. ముఖం కడుక్కున్నాను. అన్నదమ్ములిద్దరికీ కంచాలు పెట్టి వడ్డించాను. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన తింటూనే ఉన్నాడు. మా మరిది మాత్రం కంచం ముందు నుంచి లేచి వచ్చాడు.

"వదినా, ఏమైంది?"

"ఏం కాలేదు, తిను."

"మరి తిట్టలేదేం? పొద్దున్నే చూశా, బ్యాటరీ నీరసంగా ఉంది, మార్చడానికి కొత్తది లేకపోయింది, ఇవాళ కచ్చితంగా ఆగి ఉంటుంది. తిట్లు పడతాయనుకున్నా. నువ్వు నోరు మూసుకుంటే నాకు భయమేస్తోంది వదినా."

అంటూనే నా కుడిచెయ్యి అందుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఒక్కొక్క వేలూ పట్టుకుని చూశాడు. ఇక నావల్ల కాలేదు. బావురుమన్నాను. ఏడుస్తూనే జరిగింది చెప్పాను, చెబుతూనే తిట్టాను. నువ్వు చల్లగా ఉండాలి అంటూ తిట్టాను, నీ స్క్రూడ్రైవరు మండా అంటూ దీవించాను. మా ఆయన ఎంగిలి చేత్తో గుమ్మంలో నిలబడి మా ఇద్దరినీ చూస్తూ తమ్ముడి వీపు మీద ఎడమ చేత్తో నిమిరాడు. ఆయన అలా చెయ్యడం అదే మొదలు.

ఇప్పుడు మా మరిది ఊరికి అవతల వైపు ఉంటున్నాడు. పెళ్ళాం, సొంత కొట్టు, ముందు గదిలో టోపీలు, వెనక గదిలో పట్టీలు. ఎక్కడెక్కడి కార్ఖానాల వాళ్ళో వచ్చి పట్టుకుపోతున్నారు. నేను ఆ మిషను మీదే ఉన్నాను. పనిలోకి పోయే ముందు గేటు దగ్గర ఫోను అరలో పెట్టబోతూ రోజూ అతనికి ఒక ఫోను చేస్తాను. పలకరింపులు ఏమీ ఉండవు. నోటికొచ్చిన తిట్టు ఒకటి తిడతాను.

"వినపడింది వదినా" అని అతను పెట్టేస్తాడు.